ఆడుతూ నేర్చుకుంటేనే వాలీబాల్‌లో రాణింపు

పల్లెటూళ్ళలో వాలీబాల్‌కు వున్న ఆదరణ మరే ఆటకూ తీసిపోదు. ఎకరాల కొద్దీ మైదానం అక్కరలేదు. 60 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు గల చదునైన జాగా, రెండు గుంజలు, ఒక నెట్టు, ఒక బంతి వుంటే పన్నెండు మంది ఆడవచ్చు. ఊరంతా చుట్టూ నిలబడి చూడవచ్చు. హైస్కూలు ఆవరణలోనో, చెరువుగట్టు పక్కనో, కోతలయిన పొలంలోనో పొద్దు వాలేసరికి యువకులు చేరతారు. సంక్రాంతికి పోటీలు పెట్టి బహుమతులివ్వడం అనేక గ్రామాల్లో రివాజు.

అయితే ఇంత ఉత్సాహంగా ఆడే జట్లు కూడా మండలస్థాయి పోటీలకు వెళ్ళగానే ఒకటి రెండు ఆటల్లోనే ఇంటిదారి పట్టడం కద్దు. బలం లేక కాదు. నెట్టు మీదకు ఎగిరి స్మాష్ కొట్టగల వారు ప్రతి ఊళ్ళోనూ ఇద్దరు ముగ్గురు వుంటారు. ఎదుటివారి సర్వీసును చక్కగా అందుకుని లిఫ్టర్‌కు చేర్చేవారే కరువు. లిఫ్టర్ దాకా బంతి రాకపోతే ఎంతటి స్మాషరైనా చేతులు కట్టుకుని నిలబడవలసిందే. ఈ లోపం పోటీనాడు పుట్టింది కాదు. రోజూ సాయంత్రం చేసే సాధనలోనే దీని మూలం వుంది.

గంట సాధనలో దక్కేది ఎంత?

పొలం పనులు, కాలేజీ చదువులు, కూలిపనులు ముగించుకుని వచ్చే యువకులకు వెలుతురు వుండగా దొరికేది సుమారు గంట. ఆ గంట చాలాచోట్ల ఒకేవిధంగా గడుస్తుంది. మొదట పదిమంది గుండ్రంగా నిలబడి బంతిని పైకి లేపుకుంటారు. తర్వాత నెట్టు ముందు వరుసకట్టి, లిఫ్టర్ లేపిన బంతిని ఒకరి తర్వాత ఒకరు కొడతారు. ఆ తర్వాత పెద్దవాళ్ళు ఆరుగురు చొప్పున విడిపోయి మ్యాచ్ ఆడతారు. చిన్నపిల్లలు గట్టు అవతల పడిన బంతిని తెచ్చి ఇస్తుంటారు.

దీనిని ఒకసారి లెక్క కట్టి చూస్తే అసలు సంగతి బోధపడుతుంది. పన్నెండు మంది వరుసలో వున్నారు, వున్నది ఒకటే బంతి. కొట్టిన బంతిని తెచ్చి మళ్ళీ లిఫ్టర్‌కు అందించడానికి పావు నిమిషం పట్టిందనుకుంటే 20 నిమిషాల్లో పడేవి 80 దెబ్బలు. తలకు ఆరేడు. మిగిలిన సేపంతా వరుసలో నిలబడి కబుర్లు చెప్పుకోవడమే. ఆ ఆరేడు దెబ్బలకూ అవతలి పక్క బ్లాకు వేసేవారుండరు, కింద బంతిని లేపేవారుండరు. బంతి ఎక్కడికి వస్తుందో ముందే తెలుసు. మ్యాచ్‌లో ఇలాంటి బంతి ఒక్కటి కూడా రాదు.

వచ్చిన దారిన పోని బంతి

వాలీబాల్‌కు మిగిలిన ఆటలకు లేని ఒక ప్రత్యేకత వుంది. బంతిని పట్టుకుని ఆలోచించుకునే వీలు ఇందులో లేదు. ఫుట్‌బాల్‌లో బంతిని కాలికింద ఆపుకోవచ్చు. బాస్కెట్‌బాల్‌లో చేతిలో పట్టుకుని చుట్టూ చూడవచ్చు. వాలీబాల్‌లో బంతి తాకేది కనురెప్పపాటు. ఏం చేయాలన్న నిర్ణయం బంతి చేతికి తగలకముందే జరిగిపోవాలి. సర్వీసు చేసేవాడి భుజం ఎటు తిరిగింది, బంతి నెట్టుకు ఎంత ఎత్తున దాటింది, పక్కవాడు కదిలాడా లేదా అన్నవి చూసి అడుగు వేయాలి. అంటే ఇది చేతుల ఆట ఎంతో కళ్ళ ఆట కూడా అంతే.

మరో విశేషం కూడా వుంది. మ్యాచ్‌లో నెట్టు అవతలినుంచి వచ్చిన సర్వీసును తిరిగి వచ్చిన దారినే పంపకూడదు. పక్కకు, నెట్టు దగ్గర వున్న లిఫ్టర్‌కు పంపాలి. లిఫ్టర్ వెనకనుంచి వచ్చిన బంతిని నెట్టు పొడవునా లేపాలి. స్మాషర్ పక్కనుంచి వచ్చిన బంతిని ముందుకు కొట్టాలి. ప్రతి దెబ్బకూ బంతి దారి మళ్ళుతుంది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి బంతిని ఒకరికొకరు పంపుకునే సాధనలో మాత్రం బంతి వచ్చిన దారినే పోతుంది. అలా వందసార్లు కింద పడకుండా ఆడినవాడు కూడా అసలు సర్వీసు రాగానే తడబడితే ఆశ్చర్యపోనక్కరలేదు. వాడు సాధన చేసింది ఒకటి, పోటీలో ఎదురైంది మరొకటి.

పరిశోధనలు ఏమంటున్నాయి?

ఆట నేర్చుకునే పద్ధతులపై విదేశాల్లో చాలాకాలంగా పరిశోధనలు జరుగుతున్నాయి. 1979లో అమెరికాలో షే, మోర్గాన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక చిన్న ప్రయోగం చేశారు. చేతిలో టెన్నిస్ బంతి పట్టుకుని, ఎదుట నిలిపిన చెక్కలను చెప్పిన క్రమంలో వేగంగా పడగొట్టాలి. అటువంటి క్రమాలు మూడు. కొందరిచేత ఒక క్రమాన్ని పూర్తిగా సాధన చేయించిన తర్వాతే రెండోదానికి వెళ్ళారు. మరికొందరిచేత మూడింటినీ కలగలిపి చేయించారు. సాధన చేసేటప్పుడు మొదటివారే చురుకుగా కనిపించారు. కాని పది రోజుల తర్వాత పరీక్షిస్తే కలగలిపి నేర్చుకున్నవారికే ఎక్కువ గుర్తున్నది.

ఇంగ్లండులో లఫ్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన బంకర్, థోర్ప్ అనే ఉపాధ్యాయులు 1982లో మరో మాట చెప్పారు. ముందు దెబ్బలన్నీ విడివిడిగా నేర్పి చివర్లో ఆట ఆడించడం కాకుండా, ఆటనే చిన్నది చేసి ముందుగా ఆడించాలని, ఎప్పుడు ఏం చేయాలో తెలిసిన పిల్లవాడు ఎలా చేయాలో త్వరగా నేర్చుకుంటాడని వారు వాదించారు. వాలీబాల్‌లో ఈ పద్ధతిని బలంగా ప్రచారం చేసినవారిలో అమెరికాకు చెందిన కార్ల్ మెక్‌గౌన్ ఒకరు. ఆయన శిక్షణలో బ్రిగ్‌హామ్ యంగ్ విశ్వవిద్యాలయం పురుషుల జట్టు 1999లోను, 2001లోను అమెరికా విశ్వవిద్యాలయాల పోటీలలో విజేత అయింది.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం. ప్రయోగశాలలో కనిపించిన తేడా ఆటస్థలాల్లో అన్నివేళలా అంత స్పష్టంగా కనిపించలేదు. బొత్తిగా కొత్తవారికి మొదట్లో ఒకే దెబ్బను కొంతసేపు పదేపదే చేయించడం మేలే. చేతులు జోడించే తీరు, మోకాళ్ళు వంచే తీరు చూపించకుండా పిల్లలను నేరుగా ఆటలోకి తోసేస్తే నేర్చుకునేది గందరగోళమే. చూపించవలసింది చూపించాలి, కాని అక్కడే ఆగిపోకూడదన్నదే దీని సారాంశం.

జపాన్ మిల్లు అమ్మాయిలు

పదేపదే కొట్టించే పద్ధతితోనే లోకాన్ని జయించినవారు లేరా అని పాతతరం వారు అడగవచ్చు. వున్నారు. వాలీబాల్‌ను ఒలింపిక్స్‌లో మొదటిసారి ప్రవేశపెట్టిన 1964లో టోక్యోలో జపాన్ మహిళలు స్వర్ణపతకం గెలుచుకున్నారు. ఆ జట్టులో అత్యధికులు నిచిబో అనే బట్టలమిల్లు ఉద్యోగినులు. వారి శిక్షకుడు హిరోబుమి దైమాత్సు నేలమీద దొర్లుతూ బంతిని లేపే విద్యను విసుగు విరామం లేకుండా సాధన చేయించాడు.

కాని ఆ అమ్మాయిలు పగలు మిల్లులో పనిచేసి, ఆ తర్వాత అర్ధరాత్రి దాకా సాధన చేసేవారు. ఏడాది పొడవునా అదే వారి జీవితం. అంత తీరిక, అంతటి శిక్షకుడు, అన్ని బంతులు మన గ్రామాల్లో ఎక్కడున్నాయి? గంటసేపు, ఒక్క బంతితో సాధన చేసే యువకులు ఆ గంటలో ఒక్క నిమిషమైనా వృథా కాని పద్ధతిని ఎంచుకోవాలి. ఆటలాంటి సాధన అవసరం మనకే ఎక్కువ.

ఒక్క బంతితో 'రాజు కోర్టు'

ఇందుకు ఖర్చు ఏమీ లేదు. పన్నెండు మందిని ముగ్గురేసి చొప్పున నాలుగు జట్లు చేయాలి. నెట్టుకు ఒకవైపు రాజు కోర్టు. రెండోవైపు సర్వీసు చేసే కోర్టు. ఒక జట్టు రాజు కోర్టులో నిలబడుతుంది. రెండోజట్టు సర్వీసు చేస్తుంది. ఆ బంతి రాజుజట్టు గెలిస్తే దానికి ఒక పాయింటు. ఓడితే ఆ జట్టు దిగిపోయి వరుస చివరికి వెళ్ళాలి, గెలిచిన జట్టు నెట్టు కిందుగా పరుగెత్తి రాజు కోర్టును ఆక్రమించుకోవాలి. వెనక వేచివున్న జట్టు వెంటనే సర్వీసు చేస్తుంది. పాయింట్లు రాజు కోర్టులోనే వస్తాయి కనుక అందరి తాపత్రయం అక్కడికి చేరడమే. ముందుగా 15 తెచ్చుకున్న జట్టు విజేత.

ముగ్గురే వున్నందున తప్పించుకునే వీలుండదు. ఒకరు అందుకోవాలి, ఒకరు లేపాలి, ఒకరు కొట్టాలి. ఒక్కో బంతికి 20 సెకండ్లు పట్టిందనుకున్నా 20 నిమిషాల్లో 60 బంతులు పడతాయి. నాలుగు జట్లలో రెండేసి ఆడతాయి కనుక ఒక్కో జట్టు సగటున 30 సార్లు ఆటలోకి దిగుతుంది. అదే 20 నిమిషాలు, అదే ఒక్క బంతి. వరుసలో నిలబడినవాడికి దక్కింది ఆరేడు దెబ్బలు మాత్రమే. ఇక్కడ నెట్టు అవతలినుంచి నిజంగా వచ్చిన బంతిని ఎదుర్కొనే అవకాశం 30 సార్లు లభిస్తున్నది.

పూర్తి కోర్టు ముగ్గురికి పెద్దదనిపిస్తే మధ్యకు సున్నంతో గీత గీసి సగం వెడల్పులో ఆడించవచ్చు. ఒకడే అన్ని బంతులూ కొట్టేస్తుంటే, వరుసగా రెండు బంతులు ఒకే వ్యక్తి కొట్టరాదని నిబంధన పెట్టుకోవచ్చు.

సర్వీసు, పాస్ పోటీ

గ్రామ జట్ల ప్రధాన లోపం సర్వీసు అందుకోవడమే కనుక దీనికి వేరుగా ఒక పోటీ పెట్టుకోవాలి. ఒకవైపు ముగ్గురు వంతులవారీగా సర్వీసు చేస్తారు. ఇంకోవైపు ముగ్గురు అందుకుంటారు. నెట్టు దగ్గర ఒక లిఫ్టర్ వుంటాడు. లిఫ్టర్ ఒక్క అడుగులో అందుకోగలిగిన పాస్‌కు 3 పాయింట్లు, పరుగెత్తి అందుకుంటే 2, ఎలాగో నెట్టు దాటించగలిగితే 1, బంతి నేలపాలైతే సున్న. సర్వీసు నెట్టుకు తగిలి ఆగినా, గీత దాటినా అందుకునేవారికి 3. పది సర్వీసులకు ఎన్ని వచ్చాయో ఎవరైనా నోటు పుస్తకంలో రాసి వుంచితే, నెల తర్వాత ఎవరు ఎంత మెరుగుపడ్డారో కంటికి కనిపిస్తుంది.

సర్వీసుకు ఇంత ప్రాధాన్యం ఇవ్వడానికి కారణం వుంది. పూర్వం సర్వీసు చేసే జట్టుకే పాయింటు వచ్చేది. 15 పాయింట్లకు ఆట. అప్పట్లో సర్వీసు పోయినా చేతిమార్పుతో సరిపోయేది. అంతర్జాతీయ సమాఖ్య 1998లో ఈ పద్ధతిని మార్చాలని నిర్ణయించింది. ఇప్పుడు ప్రతి బంతికీ పాయింటే. నాలుగు సెట్లు 25కు, అయిదవ సెట్టు 15కు. గుడ్డిగా కొట్టిన సర్వీసు నెట్టుకు తగిలి ఆగిందంటే ఎదుటివారికి పాయింటు కానుకగా ఇచ్చినట్లే.

రెండు బంతులుంటే

ఊళ్ళో రెండో బంతి, పాతదైనా సరే, వుంటే మరింత మంచి ఆట ఆడవచ్చు. ఆరుగురు, ఆరుగురు నిలబడి సర్వీసుతో మొదలుపెడతారు. ఆ బంతి ముగియగానే, ఆటగాళ్ళు తేరుకోకముందే, గట్టున వున్న మేష్టారో పెద్దవారో రెండో బంతిని ఓడిన జట్టువైపు విసురుతారు. రెండు బంతులూ ఒకే జట్టు గెలిస్తేనే పాయింటు. చెరొకటి గెలిస్తే చెల్లుకు చెల్లు. పోటీలో ఒక బంతి పోయిందని తలపట్టుకుని కూర్చుంటే మరుసటి బంతి కూడా పోతుంది. పోయినదాన్ని వదిలి వచ్చేదాన్ని చూడడం ఈ ఆటతో అలవాటవుతుంది.

మ్యాచ్ ఆడేటప్పుడు కూడా చిన్నచిన్న షరతులతో కావలసిన విద్యను నేర్పవచ్చు. మూడు దెబ్బలూ వాడి గెలిచిన బంతికి రెండు పాయింట్లంటే రెండో దెబ్బకే బంతిని అవతలికి నెట్టేసే అలవాటు పోతుంది. నెట్టుకు 3 మీటర్ల దూరంలోని గీతకు వెనకనుంచే కొట్టాలంటే ఇరుపక్షాలా బంతి ఎక్కువసేపు నిలుస్తుంది. కింద బంతిని లేపేవారికి పని దొరుకుతుంది. ఆటను సున్నా నుంచి కాక 20-22 నుంచి మొదలుపెడితే చివరి పాయింట్ల ఒత్తిడి ఎలా వుంటుందో రోజూ రుచి చూడవచ్చు.

పిల్లలకు చిన్న కోర్టు

బంతులు తెచ్చి ఇస్తూ తిరిగే పిల్లలే రేపటి జట్టు. పెద్దలు వచ్చేలోగా అరగంట వారికి కేటాయిస్తే చాలు. 9 మీటర్ల కోర్టు వెడల్పును మూడు భాగాలు చేస్తే 3 మీటర్ల వెడల్పు గల చిన్న కోర్టులు మూడు వస్తాయి. నెట్టును 6 అడుగులకు దించి, ఇద్దరికి ఇద్దరు చొప్పున ఆడిస్తే పన్నెండు మంది ఒకేసారి ఆడతారు. నెట్టు లేకపోతే తాడు కట్టినా సరిపోతుంది. అసలు వాలీబాల్ బరువు 260 నుంచి 280 గ్రాములుంటుంది. చిన్నచేతులకు అది నొప్పి. తేలికపాటి రబ్బరు బంతులతో మొదలుపెట్టి, మొదటి బంతిని పట్టుకుని పైకి ఎగరేసుకునే వెసులుబాటు ఇచ్చి, క్రమంగా దానిని తీసివేయాలి. అనేక దేశాల్లో మినీ వాలీబాల్ పేరిట పిల్లలకు ఇలాగే నేర్పుతున్నారు.

బాలికల సంగతి ప్రత్యేకంగా పేర్కొనదగింది. సాయంత్రం కోర్టు మగపిల్లలదే అన్న భావన చాలా గ్రామాల్లో బలంగా వుంది. ఒలింపిక్స్‌లో రెండు పతకాలు సాధించిన బాడ్మింటన్ క్రీడాకారిణి పి.వి. సింధు తల్లి విజయ జాతీయస్థాయి వాలీబాల్ క్రీడాకారిణి అన్న సంగతి గుర్తుంచుకోవాలి. పాఠశాల వదలగానే వ్యాయామోపాధ్యాయుల ఆధ్వర్యంలో బాలికలకు వేళ కేటాయించి, పెద్ద బాలికలకు నెట్టును వారి కొలతకు 2.24 మీటర్లకు, అనగా 7 అడుగుల 4 అంగుళాలకు, దించి కట్టాలి. పురుషుల నెట్టు 2.43 మీటర్లు, దాదాపు 8 అడుగులు. ఆ ఎత్తులో ఆడిస్తే ఆడపిల్లలు ఎగిరి కొట్టడం నేర్చుకునే అవకాశమే వుండదు.

పొట్టివారికీ చోటుంది

ఎత్తు లేదని చాలామంది కుర్రవాళ్ళు ఆటకు దూరమవుతున్నారు. ఇది పొరపాటు. 1998 నుంచి అంతర్జాతీయ నిబంధనలలో లిబెరో అనే ఆటగాడికి స్థానం కల్పించారు. వేరే రంగు చొక్కా తొడుక్కుని వెనక వరుసలోనే ఆడే ఇతని పని బంతిని నేల తాకనివ్వకుండా లేపడమే. నెట్టు మీదుగా కొట్టడం, బ్లాకు వేయడం ఇతనికి లేవు. చురుకైన కాళ్ళు, మంచి చూపు వుంటే అయిదున్నర అడుగులవాడైనా జట్టుకు ఆయువుపట్టు కావచ్చు. అయితే స్మాష్ వరుసలో నిలబడే సాధనతో లిబెరో తయారుకాడు. ఎదుటినుంచి నిజమైన దెబ్బలు పడినప్పుడే తయారవుతాడు.

తెలుగువారికి ఈ ఆటలో గొప్ప చరిత్రే వుంది. తెలుగువాడైన అరికపూడి రమణారావు క్రీడాకారుడుగా అర్జున అవార్డును, శిక్షకుడుగా 1990లో ద్రోణాచార్య అవార్డును పొందారు. 1986లో సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యపతకం గెలిచిన భారత జట్టులో సింధు తండ్రి పి.వి. రమణ సభ్యుడు. 1962లో జకార్తాలో భారత జట్టు రజతం కూడా గెలుచుకున్నది. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మన పురుషుల జట్టు ఆరవ స్థానంతో సరిపెట్టుకోవలసి వచ్చింది. తిరిగి ఎదగాలంటే పునాది గ్రామాల్లోనే పడాలి.

కొన్ని జాగ్రత్తలు

ఆటలాంటి సాధనలో ఉత్సాహం ఎక్కువ కనుక దెబ్బలు తగిలే అవకాశమూ వుంది. ఆటకు ముందు కోర్టులోని గులకరాళ్ళు, గాజుపెంకులు ఏరివేయాలి. పది నిమిషాలు నెమ్మదిగా పరుగెత్తి, కీళ్ళు వదులు చేసుకోవాలి. ఎగిరి దిగేటప్పుడు రెండు కాళ్ళమీద, మోకాళ్ళు వంచి దిగాలి. నెట్టు కింద అవతలివాడి పాదం మీద కాలు పడి మడమ బెణకడం ఈ ఆటలో తరచు జరిగేదే. అందుచేత మధ్య గీతను స్పష్టంగా గీసి, దానిని దాటరాదన్న నిబంధనను సాధనలో కూడా కచ్చితంగా పాటించాలి. గట్టినేల మీద రోజూ వందలసార్లు ఎగిరితే మోకాళ్ళు దెబ్బతింటాయి. వారానికి ఒకటి రెండు రోజులు ఎగరడం తగ్గించి, పాస్, సర్వీసులకు కేటాయించడం మంచిది.

నేర్పేవారు ప్రతి తప్పుకూ ఆట ఆపరాదు. ఒక పూట ఒకే విషయం చెప్పాలి. 'బంతి వచ్చేలోపే కాళ్ళు కదలాలి' అని చెప్పిన రోజు చేతుల సంగతి ఎత్తకూడదు. నాలుగు విషయాలు ఒకేసారి చెబితే పిల్లవాడికి ఒక్కటీ నిలవదు. మొదటి రెండు వారాల్లో బంతి ఎక్కువసార్లు కింద పడుతుంది, ఆట చూడడానికి అందంగా వుండదు. అది చూసి పాత పద్ధతే నయమని వెనక్కి పోరాదు.

పెద్దలు చేయదగింది

వున్న గంటను ఇలా పంచుకోవచ్చు: శరీరాన్ని వేడెక్కించడానికి 10 నిమిషాలు, సర్వీసు, పాస్ పోటీకి 15 నిమిషాలు, రాజు కోర్టుకు 20 నిమిషాలు, షరతులతో మ్యాచ్‌కు 15 నిమిషాలు. దీనికి కొత్తగా కావలసింది కాస్త సున్నం, ఒక తాడు, వీలైతే రెండో బంతి. సంక్రాంతి పోటీలకు షీల్డులు, నగదు బహుమతులు ఇచ్చే దాతలు అందులో కొంత మొత్తంతో ఏడాది పొడవునా పనికివచ్చే బంతులు, నెట్టు కొనిపెడితే ఎక్కువ ఉపకారం జరుగుతుంది. పాఠశాల ఆటస్థలాలు ఆక్రమణల పాలుకాకుండా పంచాయతీలు కాపాడాలి. ఒకప్పుడు ఆడి మానేసిన పాత క్రీడాకారులు వారానికి రెండు సాయంత్రాలు గట్టుమీద నిలబడి బంతి విసిరినా చాలు.

స్కూల్ గేమ్స్ పోటీలలో 14 ఏళ్ళలోపు, 17 ఏళ్ళలోపు బాలబాలికలకు వేర్వేరుగా జట్లను ఎంపిక చేస్తారు. ఆ ఎంపికలలో నెగ్గినవారికి రాష్ట్రస్థాయి దాకా దారి వుంది. చదువులోను, ఉద్యోగాలలోను క్రీడాకారుల కోటా కింద అవకాశాలున్నాయి. పేదింటి పిల్లలకు ఇది చిన్న విషయం కాదు. ఆ వయస్సు దాటిపోయేదాకా బంతులు తెచ్చి ఇవ్వడంతోనే సరిపోతే ఆ దారి వారికి మూసుకుపోయినట్లే. అందుచేత సాయంత్రం ఆట ముగిసి నెట్టు విప్పేటప్పుడు ఎవరు గెలిచారన్నదానితోపాటు, వచ్చిన ప్రతి పిల్లవాడికీ ఎన్నిసార్లు బంతి ఆడే అవకాశం దక్కిందో కూడా లెక్క చూసుకోవడం ఊరి పెద్దల బాధ్యత.